ఎదుటివాడిని మెచ్చుకోవాలనే రూలు

మైక్‌సెట్ల వాళ్లతో నాకు మొదటి నుంచీ పడదు. కోదాడలో నాది టెంట్‌హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు నా సరుకు. వాటికి నోరు లేదు, అదే వాటి గొప్పతనం. మైక్‌సెట్ల వాళ్లు ఎక్కడికి పోయినా ముందు చెవులు గింగుర్లెత్తించి తర్వాత నమస్కారం పెడతారు. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లకూ కలిపి పెట్టుకున్న మైక్‌సెట్ల, టెంట్‌హౌస్‌ల సంఘంలో నేనూ సభ్యుణ్ణే. పైగా ఎన్నికల అధికారిని. దానికి నా తెలివి కారణమనుకునేరు. నా దగ్గర మైకు లేదు కనక నేను ఎవరికీ పోటీ కాదని, నా మాట ఎవరికీ వినపడదు కనక నా వల్ల ప్రమాదం లేదని ఆ పదవి నాకు కట్టబెట్టారు.

నా సంగతి అంతటితో చాలు. నేను చెప్పబోయేది మిర్యాలగూడ తులసీరాం గురించి. మా సంఘం ఎన్నికల రూళ్లన్నీ తిరగరాయించింది అతనే. చివరికి ఆ రూళ్ల మధ్యలో పడి దొర్లిందీ అతనే. అంత సంతోషంగా దొర్లిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తులసీరాం పాలకీడు దగ్గర ఒక తండాలో పుట్టాడు. నిట్టనిలువు మనిషి, గుమ్మం దాటాలంటే తల వంచాలి. ఇరవై ఏళ్లు దాటాక మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోయడానికి వచ్చాడు. ఒకరోజు మిల్లులో ఏదో పూజ జరుగుతుంటే దామోదర్ అనే ఆయన మైకు పెట్టడానికి వచ్చాడు. రేకుల షెడ్డు మీదికెక్కి హారన్, అదే మైకు గొట్టం, కట్టాల్సిన మనిషి ఆ పూట రాలేదు. దామోదర్ కిందనుంచి షెడ్డు వైపు, హారన్ వైపు మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. తులసీరాం భుజం మీది బస్తా దించి, హారన్ చంకన పెట్టుకుని, ఎవరూ అడగకుండానే పైకి ఎక్కేశాడు. కట్టి కిందికి దిగాక మైకులో మొదటి ముక్క మోగింది. అంతే, ఆ మనిషి మళ్లీ బస్తాల ముఖం చూడలేదు.

దామోదర్ మామూలువాడు కాదు. మిర్యాలగూడలో మైకు అనే వస్తువును మొదట మోగించింది ఆయనే అంటారు. తెల్ల లాల్చీ, నోట్లో పాన్, అందరికీ ఉస్తాద్. తులసీరాంను తన షాపులో పెట్టుకుని ఏడేళ్లు పని నేర్పాడు. వైరు ఎట్లా లాగాలో, మోత పెంచే మిషను వేడెక్కకుండా ఎట్లా కాపాడుకోవాలో, గాలి ఎటు ఉంటే హారన్ ఎటు తిప్పాలో, అన్నీ చెప్పాడు. ఒక్కటి మాత్రం ఆయన నోట రాలేదు. పని బాగుంది అన్న మాట.

దానికి ఆయనొక్కణ్ణే అనడానికి లేదు. ఇంకొకడు పెట్టిన మైకు బాగుందని మా వాళ్లెవరూ చచ్చినా అనరు. అంటే పక్కనున్న గిరాకీ వింటాడని భయం. కాలక్రమంలో భయం పోయి ఆచారం మిగిలింది. ఎదుటివాడి సెట్టు గంట కొట్టినట్టు మోగుతున్నా సరే, చెవి రిక్కించి విని, "ఇయ్యాల కరెంటు మంచిగున్నది" అని వెళ్లిపోతారు. పెళ్లివారు మెచ్చుకుంటారు, పంతులు మెచ్చుకుంటాడు, వంటవాళ్లు మెచ్చుకుంటారు. పని తెలిసినవాడు మాత్రం కరెంటును మెచ్చుకుంటాడు.

ఎనభై రెండులోనో ఎప్పుడో గరిడేపల్లిలో రైతుల సభ జరిగింది, కాలువ నీళ్ల గురించి. పెద్ద సభ. ఒక హారన్ మోత ఇంకో హారన్ మోత మీద పడి మాట అంతా గుజ్జుగుజ్జుగా వినిపిస్తోంది. దామోదర్ భోజనానికి పోయిన సమయంలో తులసీరాం కంబమెక్కి రెండు హారన్లను పక్కకు తిప్పాడు. మాట తేటపడింది. వెనక వరసలో కూర్చున్న ముసలి రైతులు లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో ఉత్సాహవంతుడు నాయకుడికి తెచ్చిన దండ తీసి తులసీరాం మెడలో వేశాడు. అదే సమయానికి దామోదర్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. దండ చూశాడు, హారన్లు చూశాడు. మిర్యాలగూడ చేరి షాపు ముందు సామాను దించాక, "రేపట్నుంచి రాకు" అన్నాడు.

ఆ తర్వాత తులసీరాం బస్టాండు వెనక సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు. మెల్లగా నిలదొక్కుకున్నాడు. పెళ్లయింది, పిల్లలయ్యారు. కానీ దామోదర్ షాపు వైపు నుంచి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: "ఉస్తాద్ నా గురించి ఏమన్నా అన్నడా?" ఏమీ అనలేదు. మంచీ అనలేదు, చెడూ అనలేదు. చివరికి తిట్టినా చాలుననే స్థితికి వచ్చాడు తులసీరాం. అతని భార్య రంగి నాతో అనేది, "అన్నా, మా ఇంట్ల దేవుని పేరు గూడ గిన్నిసార్లు తియ్యడు. బువ్వ పెడితే ఉస్తాద్, చాయ్ పోస్తే ఉస్తాద్. ఆయన్నే చేసుకోకపోయినవా అని అడిగిన." ఆమె నవ్వుతూనే అనేది గానీ, ఆ ఇంట్లో ఆ ఒక్క ముల్లు ఎంత లోతుగా దిగిందో నాకు తెలుస్తూనే ఉండేది. పాపం అనిపించేది.

ఇక ఎన్నికల సంగతి. మా సంఘం ఎన్నికలు రెండేళ్లకోసారి ఆషాఢంలో పెట్టుకుంటాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, అందరికీ ఖాళీ. ఎంత తెలివైన ఏర్పాటు అనుకున్నాం. ఖాళీ మనుషులకే కాదు, హారన్లకు కూడా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. ఎనభై ఎనిమిదిలో దామోదర్ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు, సూర్యాపేట జవహర్ ఎదురు నిలబడ్డాడు. గుర్తు ఏం కావాలని అడిగితే ఇద్దరూ హారనే కావాలన్నారు. కుర్చీ తీసుకోండి, షామియానా తీసుకోండి, గౌరవంగా ఉంటాయన్నాను. వినలేదు. తల ప్రాణం తోకకొచ్చి, ఒకరికి ఎడమవైపు చూసే హారన్, ఇంకొకరికి కుడివైపు చూసే హారన్ ఇచ్చాను.

ఆ మర్నాటి నుంచి మూడు ఊళ్లలోనూ ప్రళయం. సంఘంలో ఉన్నదే గుప్పెడు మంది. వాళ్ల ఓట్ల కోసం రిక్షాలకు, ఆటోలకు, ఒక ట్రాక్టరుకు హారన్లు కట్టి, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా "ఎడమవైపు చూసే హారన్ గుర్తుకే మీ అమూల్యమైన ఓటు" అని ఊరంతా మోగించారు. ఓటరు అనేవాడు కూడా అదే సమయంలో తన ఆటో మీద కూర్చుని ఇంకోవైపు అరుస్తున్నాడు. వినేవాడెవడు? ఊళ్లో జనం మళ్లీ ఎలక్షన్లు వచ్చాయనుకున్నారు. చిలుకూరు నుంచి ఒక ముసలమ్మ నా షాపుకొచ్చి, "ఏ దిక్కు సూసే దానికి గుద్దాలె బిడ్డా?" అని అడిగింది. మా సంఘం ఎన్నికలమ్మా అన్నాను. "మీరు ఏమిస్తరు?" అంది.

ఆఖరి రోజు సూర్యాపేటలో ఒక ఇరుకు బజారులో రెండు ఆటోలు ఎదురుపడ్డాయి. వెనక్కు పోవడం పరువు తక్కువ, మోత తగ్గించడం అంతకన్నా తక్కువ. ఇద్దరూ పెంచారు. పక్కన కట్టేసిన బర్రె ఒకటి తాడు తెంపుకుని బట్టల షాపులోకి దూరి, మూడు చీరలు కొమ్ములకు చుట్టుకుని అవతలి గుమ్మం నుంచి బయటపడింది. పోలీసులొచ్చి రెండు ఆటోల మీది హారన్లే కాదు, మూడు ఊళ్లలో కనపడ్డ ప్రతి హారన్నూ పట్టుకుపోయారు. ఎన్నికలో దామోదర్ గెలిచాడు గానీ, గెలిచానని చాటుకోవడానికి ఒక్క హారన్ దొరకలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. శ్రావణం వచ్చింది, పెళ్లిళ్లు వచ్చాయి, హారన్లు మాత్రం స్టేషన్లోంచి రాలేదు. మొదటి వారమంతా మైకు లేకుండా పెళ్లిళ్లు జరిగాయి. చుట్టాలు ఒకరి మాట ఒకరు విన్నారు. చంటిపిల్లలు నిద్రపోయారు. "ఎంత హాయిగా ఉందండీ" అని ఒక పెళ్లికూతురి తండ్రి నా ఎదుటే అన్నాడు. ఆ మాట మా వాళ్ల చెవిన పడగానే గుండెల్లో రాయి పడింది. జనానికి ఈ రుచి తెలిస్తే మనం ఏం తింటామని సూర్యాపేటలో అర్జంటు మీటింగు పెట్టారు. ఎన్నికల రూళ్లు మార్చాల్సిందేనని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. నాతో పాటు సూర్యాపేట సత్తయ్యను, తులసీరాంను కమిటీగా వేశారు. సత్తయ్య పెద్దమనిషి, ముక్కు మీద కోపం. తులసీరాంను ఎందుకు వేశారంటే ఆ ఎన్నికల్లో ఏ పక్కా మోగించని మైకు మనిషి అతనొక్కడే.

మూడు ఊళ్లకూ నడుమ ఉంటుందని గరిడేపల్లిలో ఒక చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. మొదటి రూలు తేలిగ్గా తెమిలింది. ఎన్నిక ముగిసేదాకా మైకు బంద్. "మైకు బంద్ అంటే బ్యాండు తెస్తరు" అన్నాడు సత్తయ్య. బ్యాండు బంద్ అని రాశాను. "డప్పు?" అదీ బంద్. "విజిలు?" రాశాను. ఇంక చప్పుడు చేసే వస్తువు లోకంలో ఏదీ మిగల్లేదనుకున్నాక, నోరు మిగిలింది.

"నోరుంటే ఊకుంటరా?" అన్నాడు సత్తయ్య. "వాని మిషను షాక్ కొడ్తదని వీడంటడు, వీని మిషను పొగలొస్తదని వాడంటడు. మళ్ల గదే లొల్లి. ఎదుటోన్ని తిట్టొద్దని రాయి."

రాశాను.

"సొంత డబ్బా కొట్టుకోవద్దని గూడ రాయి. నేనే తోపు, నేనే తురుము అంటే నాకు ఒళ్లు మండుతది."

అదీ రాశాను. రాసి కలం కింద పెట్టాను. "సత్తయ్యా, మరి ఏం మాట్లాడాలి? తనను తాను పొగడకూడదు, ఎదుటివాణ్ణి తిట్టకూడదు. ప్రచారం అంటే ఇంకేముందండీ?"

అంతసేపూ చాయ్ చల్లార్చుకుంటూ కూర్చున్న తులసీరాం తల ఎత్తకుండా అన్నాడు, "ఎదుటోని గురించి మంచి చెప్పాలె."

సత్తయ్య అతని వైపు చూశాడు. నేనూ చూశాను.

"పోటీల ఉన్నోడు పోటీల ఉన్నోని గురించే చెప్పాలె. వాడు ఏం మంచిగ చేస్తడో చెప్పాలె. ఉత్తగనే కాదు, కండ్లతోని సూసిందే చెప్పాలె. ఓటుకు ముందటి రోజు పొద్దుగూకంగనే ప్రచారం ఖతం."

సత్తయ్య ముందు నోరు తెరిచాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "రాయి కిష్ణమూర్తీ, రాయి. ఒక్కొక్కని మొహాలు సూడాలె నేను" అన్నాడు. నేను మాత్రం నవ్వలేదు. తులసీరాం చెవులు ఎర్రబడ్డాయి. ఈ మహానుభావుడు రూలు కాదు, ఉరి పన్నుతున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. ఉరిలో పడాల్సిన పక్షి పేరు దామోదర్.

సర్వసభ్య సమావేశంలో ఆ రూలు నెగ్గింది. ఎందుకు నెగ్గిందో నన్నడగొద్దు. మా వాళ్లలో సగం మందికి వృత్తి వల్ల చెవులు మొద్దుబారాయి. మైకు లేకుండా నేను చదివి వినిపించింది ఎంతమందికి వినపడిందో అనుమానమే. తొంభై ఆషాఢంలో కొత్త రూళ్లతో మొదటి ఎన్నిక. దామోదర్ మళ్లీ నామినేషన్ వేశాడు. అంతకు ముందురోజే తులసీరాం వేసి ఉన్నాడు.

దామోదర్ పాన్ నములుతూ కోదాడలో నా షాపుకొచ్చాడు. "కిష్ణమూర్తీ, నేను వాని గురించి మంచి చెప్పాల్నా?"

"రూలు, ఉస్తాద్."

"చెప్పకుంటే?"

"నామినేషన్ రద్దు."

"ఎంత చెప్పాలె?"

అది రూల్లో రాయలేదన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి, తులసీరాం పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు దామోదర్ కోదాడలో షాపు షాపుకీ తిరిగి తులసీరాంను మెచ్చుకున్నాడు. "తులసీరాం పొడుగు మనిషి. బల్బు మార్చాలంటే స్టూలు అక్కరలేదు. నేను కండ్లతోని సూసిన." ఇంకో షాపులో, "తులసీరాం టైముకు బువ్వ తింటడు. గసొంటి మనిషి దొరకడు." ఇంకోచోట, "వాని చాయ్‌ల చక్కెర ఎక్కువైనా ఏమనడు. మంచి గుణం." తులసీరాం మనుషులు సత్తయ్య దగ్గరికి ఫిర్యాదు పట్టుకుపోయారు. సత్తయ్య అంతా విని, "మంచే గదా? సూసిందే గదా?" అని పంపేశాడు.

తులసీరాం నాకు ఫోన్ చేశాడు, పక్క కిరాణా షాపులోంచి. "అన్నా, ఉస్తాద్ ఏమన్నడు?"

నేను నసిగాను. "చాయ్ మంచిగా తాగుతావన్నాడు."

"ఇంకేమనలే?"

"పొడుగన్నాడు."

"అన్నడా?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నాకు కోపమొచ్చింది. ఆ వయసులో పొడుగున్నావంటే సంతోషించే మనిషితో ఎవరేం మాట్లాడతారు?

తులసీరాం తన వంతు ప్రచారం ఎట్లా చేశాడో చెప్పాలి. చిన్న షాపులో స్టూలు మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, మెల్లగా మొదలుపెట్టేవాడు. వాన చినుకు పడితే దామోదర్ తన నెత్తి మీది తువాల తీసి మిషను మీద కప్పి తను తడిసేవాడని చెప్పాడు. సభల వాళ్లు కిరాయి ఎగ్గొడతారని ముందే తెలిసినా ఆయన మాట మధ్యలో మైకు ఆపేసిన రోజు లేదని చెప్పాడు. మైకు పెట్టిన బజారులో ఎవరింట్లోనైనా చావు ఉంటే, ఎవరూ అడగకముందే ఆ ఇంటి వైపున్న హారన్‌ను ఆయనే ఎక్కి పక్కకు తిప్పి వచ్చేవాడని, ఆ సంగతి పెళ్లివారికి కూడా చెప్పేవాడు కాదని చెప్పాడు. ఇది విన్నవాళ్లు లేచి వెళ్లి దామోదర్‌కు ఓటేస్తామని మాటిచ్చేవారు.

అతని మనుషులు నెత్తి కొట్టుకున్నారు. జర తక్కువ మెచ్చుకోవయ్యా అని బతిమాలారు. రంగి అయితే నేను ఉండగానే నిలేసింది, "నువ్వు నిలబడ్డది ఎవరి కోసం? ఆయన గెల్వాలంటే ఆయన తిరుగుతడు. నువ్వు ఇంట్ల పండు."

"సూసింది చెప్తున్న" అన్నాడు తులసీరాం.

"సూసిందాంట్ల సగం చెప్పు."

"సగం చెప్తే అబద్ధమైతది" అన్నాడు. ఆమె నా వైపు చూసి చేతులు తిప్పింది. నేను చాయ్ గ్లాసులో మొహం దాచుకున్నాను.

ఈ కబుర్లు దామోదర్‌కు చేరకుండా ఉంటాయా? చావింటి వైపు హారన్ తిప్పే సంగతి చేరిన రోజు నేను ఆయన షాపులోనే ఉన్నాను, సంతకం కోసం పోయి. చిలుకూరు సభ్యుడొకడు వచ్చి అంతా వర్ణించి చెప్పాడు. దామోదర్ పాన్ నమలడం ఆపేశాడు. "వాడు సూసిండా అది?" అని మాత్రం అడిగాడు. తర్వాత చాలాసేపు లాల్చీ గుండీ పెడుతూ తీస్తూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ఆ మనిషికి ఏదో పూనింది. పౌరుషమే అనుకున్నాను. మెచ్చుకోవడంలో కూడా శిష్యుడి చేతిలో ఓడిపోవడమా? సూర్యాపేటలో నిలబడి, "తులసీరాం కట్టిన హారన్ గాలికి ఊగదు. నా చేతి ముడి అట్ల ఉండదు" అన్నాడు. ఈ కబురు అందగానే తులసీరాం మిర్యాలగూడలో దామోదర్ వైరు లాగే తీరును గంటసేపు పొగిడాడు. దామోదర్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఇద్దరూ ఒకరు దిగిన బస్సు ఇంకొకరు ఎక్కుతూ, మూడు ఊళ్ల మధ్య ఒకరినొకరు పొగుడుకుంటూ తిరిగారు. సంఘం మొత్తానికి మతిపోయింది. పొద్దున తులసీరాం వచ్చి వెళ్తే దామోదర్ మనిషి అవుతారు, సాయంత్రం దామోదర్ వచ్చి వెళ్తే తులసీరాం మనిషి అవుతారు. ఈ రోగం అంటుకుని, అసలు పోటీలో లేనివాళ్లు కూడా ఒకరి సెట్టును ఒకరు మెచ్చుకోవడం మొదలుపెట్టారు. కరెంటును ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయన దారిన పోతూ నా వంటపాత్రలను చూసి, "మంచిగ తోమిస్తవన్నా" అన్నాడు. పాతికేళ్ల వ్యాపారంలో ఆ మాట అదే మొదటిసారి. ఆ రోజంతా నాకు భూమ్మీద కాలు నిలవలేదు.

ప్రచారం చివరి రోజు దామోదర్ మిర్యాలగూడలో ఉన్నాడు. బస్టాండు వెనక, తులసీరాం షాపుకు కూతవేటు దూరంలో, నలుగురు సభ్యులను నిలబెట్టి అన్నాడు: "గరిడేపల్లి సభల హారన్లు తిప్పింది వాడే. తిప్పినంకనే మాట వినొచ్చింది. నేను తిప్పాల్సింది. నాకు తట్టలే." అని, పొద్దుగూకుతోందని చూసుకుని, ఇంటికి వెళ్లిపోయాడు.

ఎన్నికల అధికారిగా పక్కనే నిలబడి విన్న నేను పరుగెత్తాను తులసీరాం దగ్గరికి. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను వైరు చుట్టలు చుడుతూ విన్నాడు. చివరిదాకా విని, చుట్ట పక్కన పెట్టాడు.

"రూలు గదన్నా" అన్నాడు.

"ఏంటి?"

"రూలుందని చెప్పిండు. పోటీల తక్కువైతనని చెప్పిండు. రూలు లేకుంటే చెప్తుండెనా? ఎనిమిదేండ్ల సంది ఎదురుసూసిన మాట, రూలు పెట్టి నేనే చెప్పిచ్చుకున్న. ఇగ అది నిజమో కాదో నాకు ఎట్ల ఎరుక? రేపట్నుంచి మళ్ల ఏమనడు." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే పాడు చేసుకున్న."

కాదనబోయి, అతను పక్కన పెట్టిన చుట్ట అందుకుని చుట్టడం మొదలుపెట్టాను. ఎందుకంటే అతను చెప్పింది ముమ్మాటికీ నిజం.

ఓటింగు సూర్యాపేటలో, మార్కెట్ దగ్గర ఒక హాల్లో. మేం మార్చని పద్ధతి అదొక్కటే: చేతులెత్తడం. మొద్దు చెవుల వాళ్లకు చేతులే నయం. మైకు నిషేధం కనక నేను బల్ల మీదికెక్కి అరవాల్సి వచ్చింది. నామినేషన్ ముందు వేసిన తులసీరాం పేరే ముందు పిలవాలి. పిలిచాను. చేతులు లేచాయి. లెక్కపెడుతూ పెడుతూ ముందు వరసకు వచ్చి ఆగిపోయాను.

దామోదర్ చెయ్యి పైకి ఉంది.

ప్రచారం ముందురోజే ఖతం. ఆ రోజున ఎవరినీ మెచ్చుకోమని ఏ రూలూ చెప్పలేదు. ఎవరి వైపూ చూడకుండా, నోరు విప్పకుండా, పాన్ నములుతూ, లాల్చీ చెయ్యి మోచేతి దాకా జారిపోయేలా ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. తులసీరాం ఆ చెయ్యి వైపే చూస్తున్నాడు. అతని రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. నీ చెయ్యి ఎత్తవయ్యా అని నా గొంతు దాకా వచ్చింది. ఎన్నికల అధికారిని, అనకూడదు. మింగేశాను. సత్తయ్య దగ్గాడు. తులసీరాంకు దగ్గు కూడా వినపడలేదు. చేసేది లేక లెక్క ముగించి, దామోదర్ పేరు పిలిచాను.

అప్పుడు లేచింది తులసీరాం చెయ్యి. అంత పొడుగు మనిషి, నిలబడి మరీ ఎత్తాడు. వేళ్లు ఫ్యాను రెక్కలకు తగులుతాయేమోనని పక్కవాళ్లు తలలు వంచుకున్నారు. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. దామోదర్ ఒక్క చెయ్యి తేడాతో గెలిచాడు. ఆ ఒక్క చెయ్యీ తులసీరాందే.

దామోదర్ కుర్చీలోంచి లేచి నేరుగా అతని మీదికి వచ్చాడు. "పాగల్ గానివా? నేను చెయ్యెత్తింది నిన్ను గెలిపిద్దామని. నీ చెయ్యి ఏడ వోయింది?"

"మీరెత్తిన్రు గద ఉస్తాద్" అన్నాడు తులసీరాం.

"ఎత్తితే?"

"సాలు."

దామోదర్ ఏదో తిట్టబోయాడు. తిట్టు దొరకలేదు. తులసీరాం తల అందక, అతని చొక్కా పట్టుకుని కిందికి వంచి, నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. మొత్తం హాలు గోల గోల అయిపోయింది. ఎవరు ఎవరిని పొగుడుతున్నారో తెలియలేదు. నేను బల్ల మీదే నిలబడి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

తులసీరాం చెప్పులు హాల్లోనే వదిలేసి బయటికి నడిచాడు. ఈ మనిషి మిర్యాలగూడ బస్సుకు బదులు ఏ బస్సు ఎక్కుతాడోనని చెప్పులు పట్టుకుని నేనూ వెంట పడ్డాను. దారి పొడవునా కిటికీలోంచి చూస్తూ నవ్వుతూనే ఉన్నాడు. కండక్టరు టికెట్ అడిగితే, "నేను ఓడిపోయిన" అని చెప్పాడు.

ఇంటికి చేరేసరికి రంగి షాపు ముందే నిలబడి ఉంది. భర్త మొహం చూసి, "గెలిచినవా?" అని అడిగింది. అతను నవ్వాడు. మళ్లీ అడిగింది. మళ్లీ నవ్వి లోపలికి పోయి కూర్చున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, ఈయన గెలిచిండా, ఓడిండా?"

"ఒక్క ఓటుతో ఓడిపోయాడమ్మా. అదీ తన ఓటే."

"ఓడితే గిట్ల ఎందుకు నవ్వుతుండు?"

"దామోదర్ ఈయనకు చెయ్యెత్తాడు" అన్నాను. "ప్రచారం అయిపోయాక. ఎవరూ అడక్కుండా."

రంగి అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చాయనుకుంటాను. తర్వాత గబుక్కున లేచి, షాపులోకి పోయి మిషను ఆన్ చేసి, మైకు చేతికి తీసుకుంది. బజారు మొత్తం అదిరిపోయేలా ఆమె గొంతు మోగింది.

"మా ఆయన ఓడిపోయిండు. అందరు రాండ్రి, చాయ్ తాగిపోండ్రి."